గోల్ పడని కేక

టీవీలో ఆటను ఏ ఊళ్ళో, ఎవరి మధ్య కూర్చుని చూస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి, నా టీచరు ఉద్యోగంలో సెలవు దొరికినప్పుడల్లా బయల్దేరడం నాకు అలవాటు. భవానీపురంలో మా ఇంట్లో క్రికెట్ అంటే ఓవర్ల మధ్య కూరలు తరుక్కోవడం, ప్రకటనలప్పుడు ఫోన్లు మాట్లాడుకోవడం. కొండపల్లిలో ఒక టీ కొట్టు ముందు కబడ్డీ చూశాను. అక్కడ జనం కూతతో పాటే ఊపిరి బిగబట్టి, కూత ఆగగానే వదిలేవారు. ఫుట్‌బాల్ మాత్రం నలుగురితో కలిసి ఎప్పుడూ చూడలేదు. మా వీధిలో చేపలమ్మే నాగమణి గారు, నాగాయలంక దాటాక సముద్రం వైపున్న తమ అక్క ఊళ్ళో అందరూ ఫుట్‌బాలే చూస్తారని చెప్పారు. నేను వస్తున్నానని అక్క నాంచారమ్మ గారికి వారం ముందే ఫోన్ చేసి చెప్పారు కూడా.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాను. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా రెండు గంటల పైనే పట్టింది. అవనిగడ్డలో భోంచేసి మరో బస్సులో నాగాయలంక, అక్కడి నుంచి ఆటో. అన్నీ కలిపి నాలుగు వందల లోపే అయింది. కోతలైన వరిచేలు, తరవాత రొయ్యల చెరువులు, ఆపైన మడచెట్లు. దారంతా కబుర్లు చెబుతూ వచ్చిన ఆటో డ్రైవరు, నేను నాంచారమ్మ గారి పేరు చెప్పగానే అద్దంలోంచి నా వైపు చూశాడు. "ఆళ్ళింటికి ఇయ్యాళ ఎల్తున్నారాండి?" అన్నాడు. ఎందుకలా అడిగావంటే ఆటో వేగం పెంచాడు.

సంగతి ఇంటి దగ్గర తెలిసింది. నాంచారమ్మ గారి భర్త ఏడుకొండలు, ఆయన తమ్ముడు వేటకు వెళ్ళిన బోటు ముందురోజు ఉదయమే రావాల్సింది, రాలేదు. వెతకడానికి పోయిన బోట్ల నుంచీ కబురు లేదు. నేను సంచి కింద పెట్టకుండానే తిరిగి వెళ్ళిపోతానన్నాను. ఆవిడ నా చేతిలోంచి సంచి తీసుకుని లోపల పెట్టి, చారూ అన్నం వడ్డించి, ఆరున్నరకు ఆట మొదలవుతుందని చెప్పారు.

వాకిట్లో బల్ల మీద టీవీ పెట్టారు. చీకటి పడుతుంటే ఇరవై మంది దాకా వచ్చి చాపల మీద కూర్చున్నారు. ఆట మొదలవగానే ఆవిడ శబ్దం పూర్తిగా తగ్గించేశారు. బోటు ఇంజను చప్పుడు వినపడాలి కదా అని పక్కనున్న ముసలాయన నా చెవిలో చెప్పారు. ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. బంతి ఎటు వెళితే అన్ని తలలూ అటు తిరిగేవి. ఆకుపచ్చ వెలుగులో ఆ ముఖాలు నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించాయి. చాలాసేపటికి నాంచారమ్మ గారు తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"క్రికెట్టయితే బంతికీ బంతికీ మధ్య ఖాళీ ఉంటదండి టీచరుగారూ. ఆ ఖాళీలో బోటు గుర్తొస్తది. ఇందులో ఖాళీ ఉండదు."

సందు చివర కుర్రాళ్ళు ఇంకో టీవీ పెట్టుకున్నారు. వాళ్ళది కేబులు, మాది డిష్షు. వాళ్ళకు ఆట కొన్ని క్షణాలు ముందు వచ్చేది. అటు నుంచి ఒక కేక లేచింది. మా తెర మీద బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. జరిగిపోయినదాన్ని జరగబోయేదిగా చూస్తూ కూర్చున్నాం. నాలుగు కాళ్ళ మధ్య నుంచి జారి బంతి వలలో పడింది.

సగం ఆటయ్యాక విరామం వచ్చింది. అంతసేపూ లేనట్టున్న సముద్రపు హోరు ఒక్కసారిగా వాకిట్లోకి వచ్చేసింది. నాంచారమ్మ గారు లేచి గుంజ పట్టుకుని నిలబడ్డారు. ఆట మళ్ళీ మొదలయ్యే దాకా కూర్చోలేదు.

రెండో సగం చాలావరకు అయిపోయాక మళ్ళీ కేక వినిపించింది. అందరం తెరకేసి వంగాం. గోల్‌కీపరు బంతిని నింపాదిగా నేల మీద పెట్టాడు. దూరంగా తన్నాడు. అది గీత దాటి బయటికి పోయింది. గోల్ పడలేదు. ఎవరూ కదల్లేదు. ఆ కేక ఇంకోసారి వచ్చినప్పుడు అది సందు చివరి నుంచి కాదని, రేవు వైపు నుంచని ముందుగా తెలిసింది ఆవిడకే. చెప్పుల్లేకుండా పరుగెత్తారు. అందరం వెనకే వెళ్ళాం.

వెతకబోయిన బోటు వెనక తాడు కట్టి వాళ్ళ బోటును లాక్కొచ్చారు. ఇంజను చెడిపోయి కొట్టుకుపోయారట. అన్నదమ్ములిద్దరూ దిగారు. ఏడుకొండలు పెదవులు ఉప్పుకు పగిలి తెల్లగా ఉన్నాయి. నాంచారమ్మ గారు ఏడవలేదు. ఆయన మోచేయి పట్టుకుని, ఇంటి దాకా వదల్లేదు.

వాళ్ళకు నీళ్ళ సీసా తేవడానికి రేవు నుంచి నేను అందరికంటే ముందు ఇంటికి వచ్చాను. వాకిట్లో ఒక్కరూ లేరు. ఖాళీ చాపల ముందు, శబ్దం లేకుండా, ఆట నడుస్తూనే ఉంది. తెర మీద ఎవరో ఎవరినో కౌగిలించుకుంటున్నారు. అక్కడ నిలబడలేక సీసా తీసుకుని పరుగున బయటికి వచ్చేశాను.

ఎవరు గెలిచారో పొద్దున ఎవరూ అడగలేదు. నేనూ వెతకలేదు. క్రికెట్, కబడ్డీ మనం చూస్తుంటే మన మాటల్ని, మన ఊపిరిని కలుపుకుంటాయి. ఫుట్‌బాల్ మనల్ని మనలోంచి తీసి, తనలో ఉంచుకుంటుంది. ఆపద వేళ అది దయో, మరొకటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మీరూ అటు వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. చీకటి పడ్డాక తిరుగు బస్సు దొరకదు కాబట్టి రాత్రి ఉండేలా వెళ్ళండి. బయల్దేరే రోజు పొద్దున ఫోన్ చేసి, బోట్లన్నీ వచ్చాయా అని ముందు అడగండి. ఆట సంగతి ఆ తరవాత.