మునిరత్నమ్మ కల్లు

మా మేనత్త మునిరత్నమ్మ జన్మలో కల్లు చుక్క ముట్టని మనిషి. అయినా కన్నడ సీమలో తెలుగు మాట్లాడే మా బట్లహళ్ళి చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళి మాటలు జరిగినా, "మునిరత్నమ్మ కల్లు వచ్చిందా?" అని అడిగేవాళ్ళు. కొత్త కోడళ్ళు ఆ మాట విని బిత్తరపోయేవాళ్ళు. ఆ పేరు వచ్చింది నా పెళ్ళి మాటల రోజునే కాబట్టి ఆ సంగతి నేనే చెప్పాలి. మా చుట్టాలకు వదిలేస్తే సగం అబద్ధాలు కలుపుతారు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అత్తే నన్ను పెంచింది. పెంచిందంటే ముద్దులు చేసి కాదు, నోటితో. పొద్దున లేస్తే నన్నూ, నాన్ననూ, ఎద్దులనూ ఒకే గొంతుతో తిట్టేది. పండగ వచ్చిందంటే మాత్రం ఊరంతా ఆమె చుట్టూ తిరిగేది. శ్రీరామనవమికి కర్బూజ పానకం, ఎండలు ముదిరితే నన్నారి వేళ్ళ షర్బతు, కైవారం గుడికి నడిచిపోయేవాళ్ళకు అల్లం దంచి వేసిన మజ్జిగ. ఎవరైనా ఇక చాలంటే ఆమెకు కోపం. "ఏం, నా చెయ్యేమన్నా చేదుగా ఉండాదా?" అని మీదికి పోయేది.

ఆమె మాట సాగనిది మా నాన్న మునియప్ప దగ్గరే. నాన్న బంగారం లాంటి మనిషి, కల్లు గొంతులో పడనంత వరకు. ఒక్క ముంత పడితే ఇక వారం పది రోజులు ఆగేది లేదు. మడి ఎండినా, ఎద్దు తాడు తెంచుకున్నా పట్టేది కాదు. 1957 ఉగాది నాడు అత్త తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేసి మానేశాడు. ఐదు నెలలు గడిచాయి. దిష్టి తగులుతుందని మేమిద్దరం ఆ మాట పైకి అనుకునేవాళ్ళం కూడా కాదు.

సరిగ్గా అప్పుడే గుడిబండె పక్క ఊరి నుంచి నాకు సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు ఆంజనప్ప. నచ్చాడు. ఇప్పుడు దాచడమెందుకు, చాలా నచ్చాడు. అంతా బాగానే ఉందనుకుంటే అతని తండ్రి పిళ్ళప్ప ఒక కబురు పంపాడు. వాళ్ళ వంశంలో మాట ఖాయం కావాలంటే ఇద్దరు తండ్రులూ ఒకే ముంతలో కల్లు తాగాలట. తాగకపోతే ఆ మాట చెల్లదట.

నాన్న ఆ కబురు విని పొలానికి వెళ్ళిపోయాడు. తాగితే నాన్న మళ్ళీ చేజారిపోతాడు, తాగకపోతే ఆంజనప్ప చేజారిపోతాడు. నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

"ఏడిస్తే వీపు పగలగొడతా. మాటలకు ఇంకా పది దినాలుండాది కదా!" అంది అత్త.

మర్నాడే ఏలకులు కొనాలని చింతామణి బస్సెక్కింది. తోడు నేనూ వెళ్ళాను. వెంకటాచలపతి శెట్టి అంగడిలో ఎవరో కన్నడాయన మాకంటే ముందు నిలబడి, "శెట్రే, అర్ధ సేరు కల్లు..." అన్నాడు. మిగతా మాట బస్సు హారన్‌లో కలిసిపోయింది. అసలే అత్త తలలో నిన్నటి నుంచి అదే మాట తిరుగుతోంది కదా, ఒక్కసారిగా భగ్గుమంది.

"ఏమప్పా శెట్టీ! దేవుడి పటం కింద కూచోని కల్లు అమ్ముతాండావా? నీకేమొచ్చిందప్పా పోయేకాలం!"

శెట్టి ముందు తెల్లబోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "కల్లుసక్కరె అమ్మా, కల్లుసక్కరె! ఆయన అడిగింది పటికబెల్లం. కన్నడంలో కల్లంటే రాయి కదమ్మా, నీకు తెలీదా?"

తెలియకేం, మా దగ్గర అందరికీ తెలుసు. అత్త సిగ్గుపడలేదు. ఏలకుల మాట మర్చిపోయి రెండు సేర్ల కల్లుసక్కరె కట్టించుకుంది.

ఇంటికొచ్చి మొదలుపెట్టింది. కల్లుసక్కరె రోట్లో దంచి, కొత్త కుండలో కొబ్బరినీళ్ళు పోసి కరిగించింది. తెల్లగా కనబడాలని కొబ్బరిపాలు, గొంతులో చురుక్కుమనాలని శొంఠీ మిరియాలూ వేసింది, నురుగు రావాలని కవ్వంతో చిలికింది. మొదటిసారి మిరియాలు ఎక్కువై నాకు ముక్కులోంచి వచ్చింది. రెండోది కషాయం. ఆరోసారికి కుదిరింది. నిజం చెప్పనా, అంత రుచైనది నేను మళ్ళీ తాగలేదు.

మాటల రోజు పిళ్ళప్ప బండి దిగాడు. చేతికర్ర, తెల్లటి మీసం, నవ్వని ముఖం. అత్త నురుగు పొంగుతున్న ముంత తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి ఆగాడు.

"ఏమ్మా, ఇది కల్లా?"

"కల్లే అప్పా. కల్లుసక్కరె. మీ పెద్దలు కల్లన్నారు గానీ, తెలుగు కల్లా కన్నడం కల్లా అని చెప్పలేదు కదా?"

అరుగు మీదున్నవాళ్ళు గొల్లుమన్నారు. పిళ్ళప్ప నవ్వలేదు. ముంత కింద పెట్టి లేచాడు. "మాతో ఆటలా? ఎద్దులు కట్టండి!"

అప్పుడు నాన్న ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు. తలెత్తలేదు. "అక్క తప్పేం లేదప్పా. నేను తాగుబోతును. ఐదు నెలలైంది మాని. ఇప్పుడు ఒక్క గుక్క తాగినానంటే మళ్ళా మనిషిని కాను. నా కూతురి పెళ్ళినాటికి నేను నిలబడి ఉండాల."

పిళ్ళప్ప చేతికర్ర అరుగుకు ఆనించి నాన్న వైపు తిరిగాడు.

"మీరు కల్లు పెడతారో లేదోనని నేనే ఒక కుండ తెచ్చినా. బండిలో గడ్డి కింద ఉండాది. నువ్వే ఎత్తుకోని పోయి పారబోసి రా. ఒక్కడివే పో. ఏమ్మా, తమ్ముడు వచ్చినాక తాగినాడో లేదో నువ్వు చెప్పు. నీ మాటే నాకు మాట."

నాన్న కుండ భుజాన పెట్టుకుని ఇంటి వెనక దిబ్బ వైపు వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. నేను గోడ సందులోంచి చూడబోతే అత్త జుట్టు పట్టి లాగింది. "దొంగను చూసినట్ల చూస్తావా మీ నాయనను? గమ్మునుండు." అలా అంటూ నా జుట్టు వదలడం మర్చిపోయింది.

చివరికి నాన్న ఖాళీ కుండతో వచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసి, ఒళ్ళంతా కల్లు కంపు. నేరుగా అత్త ముందుకొచ్చి నోరు తెరిచాడు.

"అక్కా, వాసన చూడు."

"నేనేం కుక్కనా, వాసన చూడనీకి?" అని కసిరింది అత్త. పిళ్ళప్ప వైపు తిరిగి, "తాగలేదప్పా," అని, ఆయన కింద పెట్టిన కల్లుసక్కరె ముంతే తీసి ఆయన చేతిలో పెట్టింది.

పిళ్ళప్ప సగం తాగి నాన్నకు అందించాడు. నాన్న ఏడుస్తూ, ఎక్కిళ్ళతో కొంత చొక్కా మీద ఒలకబోసుకుంటూ, ముంత ఖాళీ అయ్యేదాకా తాగాడు.