మా చెరువులో పద్నాలుగు బాతులు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను ప్రగతి నగర్‌లో అద్దెకుండేదాన్ని. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. బంద్ రోజు సెలవిచ్చి, బదులుగా శనివారం రమ్మనేవారు. అలా దొరికిన పొద్దుటిపూటల్లో చెరువు గట్టు మీద కూర్చుని పక్షుల్ని చూడటం అలవాటైంది. చలికాలంలో ఎక్కడో ఉత్తరాన ఉన్న మంచుదేశాల నుంచి బాతులు వచ్చి మా చెరువులో దిగేవి. వాటి ముక్కు చివర గరిటెలా వెడల్పుగా ఉంటుంది.

పక్షుల్ని చూసేవాళ్ళ బృందం ఒకటి ఏటా ఒక ఆదివారం నగరంలోని చెరువుల్లో పక్షుల లెక్క తీసేది. మా చెరువు వాళ్ళ జాబితాలో లేదు.

"అక్కడ గుర్రపుడెక్క తప్ప ఏముందమ్మా?" అన్నారు బృందం నడిపే పెద్దాయన.

నాకు ఒళ్ళు మండింది. పోట్లాడి ఆ ఏటికి ఒక అవకాశం సంపాదించాను. అయితే ఇద్దరు కలిసి చూసి, ఇద్దరూ సంతకం పెడితేనే లెక్క చెల్లుతుంది. అది వాళ్ళ నియమం.

తీరా ఆ ఆదివారం ఊరంతా వంటావార్పు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండుకు తింటూ నిరసన. సికింద్రాబాద్ నుంచి నాకు జతగా రావలసినావిడ దారిలో చిక్కుకుపోయి, రాలేనని ఫోన్ చేసింది. చర్చి కూడా మానుకుని వచ్చానేమో, ఏడుపొచ్చింది.

చెరువు మలుపులో మా ఓనరు ఆంటీ పొయ్యి ముందు కూర్చుని పప్పు కలుపుతోంది. ఆమె లేని ఊరేగింపు లేదు. ఆంధ్రా పిల్లకి ఇల్లెందుకిచ్చావని ఎవరో ఆమెను అడగడం ఒకసారి మెట్ల మీద నుంచి విన్నాను. ఆమె జవాబు వినే ధైర్యం లేక పైకి వెళ్ళిపోయాను. ఇప్పుడు మాత్రం మొహమాటం పక్కన పెట్టాను.

"ఆంటీ, ఒక్క పావుగంట వస్తారా? బాతుల్ని లెక్కపెట్టాలండి."

"బాతులా? గిప్పుడా?" అంటూనే గరిటె పక్కామెకిచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది.

బాతులు తలలు నీళ్ళలో పెట్టి గుండ్రంగా తిరుగుతూ మేస్తున్నాయి. నేను ఇరవై ఆరన్నాను. ఆమె నవ్వింది.

"తిరిగొచ్చినయే మల్ల లెక్కవెడ్తున్నవు బిడ్డా. జర ఆగు. పచ్చ తలకాయలు ముందుగాల లెక్కవెట్టు, మట్టి రంగువి ఎనక."

మగవి తొమ్మిది, ఆడవి ఐదు. మూడుసార్లు చూశాం, పద్నాలుగే. తప్పులు పట్టడమే ఉద్యోగమైన నా తప్పును ఆమె పట్టేసింది. సిగ్గేసింది, ముచ్చటా వేసింది.

ఆంటీ లెక్క కాగితం మీద సంతకం పెట్టి, పక్కనే ఖాళీగా ఉన్న రాష్ట్రం గడిలో తెలంగాణ అని రాసింది. అప్పటికింకా రాష్ట్రం రాలేదు. నేనూ సంతకం పెట్టి అలాగే పంపాను.

మర్నాడు పెద్దాయన ఫోన్ చేశారు. "ఆ గడి దిద్ది పంపండమ్మా. లేకపోతే మీ చెరువును చేర్చలేను."

"దిద్దను సార్. నేనొక్కదాన్నే అయితే మీకు తప్పు లెక్క పంపేదాన్ని. సరిచేసింది ఆవిడే. ఆవిడ లెక్క కావాలంటే, ఆవిడ రాసింది రాసినట్టే తీసుకోండి."

ఫోన్ పెట్టేశాను. నా చేతులారా చెరువును పోగొట్టుకున్నాననే అనుకున్నాను.

రెండు వారాలకు జాబితా వచ్చింది. మా చెరువు పేరు, పద్నాలుగు బాతులు, తెలంగాణ. ఆఫీసులో ప్రింటు తీసి ఆంటీ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, మైదా ఉడికించి, గేటు మీద ఉద్యమం పోస్టరు పక్కనే అంటించింది. మర్నాడు సాయంత్రం నేను వచ్చేసరికి నలుగురు ఆగి చదువుతున్నారు. ఆంటీ వాళ్ళకు నన్ను చూపించింది.

"గీ పిల్లనే లెక్కవెట్టింది. మా ఇంట్లనే ఉంటది."