నాలుగు చక్రాల్లో నిజాంసాగర్

తప్పులు అందరూ చేస్తారు. చేసి, రెండు రోజులు తలదించుకుని తిరిగి, మూడో రోజు మరిచిపోతారు. కానీ ఒక తప్పు ఇన్నేళ్ళ తరువాత కూడా బాన్సువాడ హోటళ్ళలో చాయ్‌తో పాటు వేడివేడిగా నడుస్తూ ఉండటం అందరికీ దక్కే భాగ్యం కాదు. నాకు దక్కింది. అందుకని ఇదేదో సిగ్గుతో చెబుతున్న కథ అనుకోకండి. ఇందులో జీపు ఉంది, మోకాటి లోతు బురద ఉంది, పదిమంది చూస్తుండగా జరిగిన పరాభవం ఉంది. అయినా ఛాతీ విరుచుకునే చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మా ఊరు కోటగిరి దగ్గర. దుకాణం బాన్సువాడలో, విత్తనాలూ పురుగుమందులూ అమ్ముతాను. పొద్దున దుకాణానికి, సాయంత్రం ఇంటికి, వీలు చిక్కినప్పుడు పొలానికి. ఈ మూడింటికీ ఒకటే బండి ఉండాలని వెతికి వెతికి ఒక పాత ఫోర్ వీల్ జీపు కొన్నాను. దాన్ని చూస్తే నాకు ఎంత మురిపెమంటే, అన్నం తింటూ కూడా కిటికీలోంచి దానివంకే చూసేవాణ్ణి. మా నాయన మాత్రం దాని చుట్టూ ఒక్కసారి తిరిగి పెదవి విరిచాడు.

"ట్రాక్టర్ ఉండంగ గీ ఇనుప డబ్బా ఎందుకురా?"

"గిది ఫోర్ వీల్ నాయినా. నాలుగు చక్రాలూ గుంజుతయ్."

"బర్రెకు గూడ నాలుగు కాళ్ళుంటయ్. బురదల పడుకుంటలేదా?"

మా పొలం నిజాంసాగర్ కాలువకు చిట్టచివర ఉంటుంది. దానికి వెళ్ళే బాట వానాకాలంలో నల్లరేగడి ముద్ద. అది తెలిసే నాయన షరతు పెట్టాడు. "నాట్ల నాడు నారు కట్టలు దీంట్లనే ఏసుకొని మడి దాక రావాలె. వస్తే ఉంచుకో. బురదల దిగవడ్డదో, తెల్లారే అమ్ముడు."

నా జీపు బతుకు ఆ ఒక్క రోజు మీద ఆధారపడింది. జీపుతో వచ్చిన టైర్లేమో గుండు గీయించుకున్నట్టు నున్నగా ఉన్నాయి. నేరుగా బాన్సువాడలో ఖలీల్ భాయ్ టైర్ల దుకాణానికి పోయాను. ఆయన మూడు టైర్లను వరసగా గోడకు నిలబెట్టి, పెళ్ళి సంబంధాలు చూపించినంత ఓపికగా చెప్పాడు.

"గిది తారు రోడ్డు టైర్. సప్పుడుండది, మెత్తగ పోతది, గని బురదల జారుతది. గా చివరిది బురద టైర్. గడ్డలు గడ్డలుగ ఉంటది, యాడికైనా ఎక్కుతది. రోడ్డు మీద మాత్రం మోత, జల్ది అరుగుతది. నడిమిది రెండిటికి పనికొస్తది. ఇగ చెప్పు, వారంల ఎన్ని రోజులు రోడ్డు మీద తిరుగుతవ్?"

"ఏడు రోజులు."

"బురదల?"

"వానకాలంల... రెండు మూడు సార్లు."

"అయితే నడిమిదే తీస్కో భాయ్. ఫికర్ ఉండది."

నడిమిది! ఆ మాటే నాకు గిట్టలేదు. మా అన్నదమ్ముల్లో నేను నడిమివాణ్ణి. బడిలో నడిమి బెంచీ, పరీక్షల్లో నడిమి మార్కులు. దేవుడు నా నుదుటిన ఇంకో మాట రాయనే లేదా? కనీసం టైర్లలోనైనా ఒక చివర నిలబడాలనుకున్నాను.

"బురద టైరే ఎయ్యి భాయ్."

"రోజు ఏడుస్తవ్."

"ఏడ్చినా గా మోతల ఎవలకు ఇనవడది, ఎయ్యి."

వేశాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త టైర్లవాడు రోడ్డెరగడని నేను నిరూపించాను. అవి యాసంగి కోతల రోజులు. వరికోత మిషన్ల కోసం రైతులు దారి పొడుగునా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. నా జీపు మోతకు ఒక పెద్దాయన సగం కట్టిన తలగుడ్డతో పొలంలోంచి రోడ్డు మీదికి ఉరికొచ్చాడు.

"ఓ మహేశా, మిషన్ ఏదే? నీ ఎనకనే వస్తుందా?"

"మిషన్ లేదు కాకా. గవి నా టైర్లు."

"టైర్లా? నేను బువ్వ ఇడిచిపెట్టి ఉరికొస్తి కదనే!"

అలాంటి కాకాలు రోజుకు ఇద్దరు ముగ్గురు. అయినా నా గర్వం తగ్గలేదు. చప్పుడు విని జనం పరుగెత్తుకు రావడం మంత్రులకే జరుగుతుంది కదా!

వానలు పడ్డాయి. నాట్లు రెండు రోజులున్నాయనగా పొలం బాటలో పరీక్ష చేసి చూశాను. టైర్లు బాగానే పట్టాయి గానీ, ఒకచోట వెనక భాగం జానెడు పక్కకు జరిగింది. జానెడే! నా గుండె మాత్రం మూరెడు జారింది. నాట్ల నాడు ఇలాగే జరిగితే? ఇంటికి వచ్చి ఆలోచిస్తూ కూర్చుంటే ఎదురుగా నాయన ట్రాక్టర్ కనబడింది.

మా దిక్కున ట్రాక్టర్‌తో మడి దున్నే రైతులు వెనక టైర్లలో ముప్పాతిక వంతు నీళ్ళు నింపుతారు. ఆ బరువుకు చక్రం జారకుండా నేలను పట్టుకుంటుంది. ఇది మా ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఇగ చూడండి నా తెలివి. ట్రాక్టర్‌ను గుంజేవి వెనక చక్రాలు రెండే కాబట్టి దానికి రెండింటిలో నింపుతారు. నా బండిని గుంజేవి నాలుగు. కాబట్టి నాలుగింటిలోనూ నింపాలి! ఇంత సూటి లెక్క ఇన్నాళ్ళూ ఏ జీపువాడికీ ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను కూడా.

నాయన కొత్త విత్తనం సంగతి కనుక్కోవడానికి రుద్రూర్ పరిశోధన కేంద్రానికి పోయిన రోజు చూసి పని మొదలుపెట్టాను. ట్రాక్టర్‌కు నీళ్ళు పట్టే పైపు ఇంట్లో ఉండనే ఉంది. చక్రం ఒక్కొక్కటే పైకి లేపి, వాల్వు పిన్ను తీసి, పైపు తగిలించి ముప్పాతిక దాకా నీళ్ళు నింపి, పైన గాలి కొట్టాను. మా ఆవిడ లావణ్య గడపలో నిలబడి కాసేపు చూసింది.

"ఏం జేస్తున్నరు?"

"బండికి బలం వట్టిస్తున్న."

"బలానికి ఉత్త నీళ్ళెందుకు? గంజి పొయ్యిండ్రి."

నవ్వాను. మేధావుల ఇళ్ళలో ఇలాంటివి మామూలే.

నాట్ల రోజు నారు కట్టలు నింపుకొని బయలుదేరాను. స్టీరింగు తిరగలిలా బరువుగా తిరుగుతోంది. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే బండి ఆగింది గానీ లోపలి నీళ్ళు ఆగలేదు. జీపు నిలబడ్డచోటే ఇంకాసేపు ముందుకూ వెనక్కూ ఊగింది. దాన్నే నేను బలం అనుకున్నాను.

పొలం దగ్గర నాటువేసే ఆడవాళ్ళు కొంగులు బిగించుకుని గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళకు పెద్ద రాజవ్వ. పక్కన నాయన, చేతులు వెనక్కి కట్టుకుని. నేను హారన్ కొట్టి, ఊరేగింపు ఏనుగులా బాటలోకి దిగాను. పది గజాలు పోయింది. ఇరవై గజాలు పోయింది. తరువాత ముందుకు పోవడం మానేసి కిందికి పోవడం మొదలుపెట్టింది. ఎక్సలేటర్ తొక్కినకొద్దీ నాలుగు చక్రాలూ సమానంగా, ఒకదానికొకటి తీసిపోకుండా, బురదలోకి దిగిపోయాయి. ఫోర్ వీల్ అంటే ఫోర్ వీలే మరి!

రాజవ్వ గట్టు మీదినుంచే అరిచింది. "ఓ మహేశా! నారైతే మేం మోస్కపోతం గని, జీపును ఎవలు మొయ్యాలె బిడ్డా?"

ఆడవాళ్ళ నవ్వు పక్క ఊరికి వినబడి ఉంటుంది. నాయన మాత్రం నవ్వలేదు. బురదలో నడిచి వచ్చి, ముందు టైరును కాలితో రెండుసార్లు తన్ని, చెవి పెట్టి విన్నాడు. ముప్పై ఏళ్ళు ట్రాక్టర్ నడిపిన మనిషి.

"ఏం నింపినవురా దీంట్ల?"

"నీళ్ళు నాయినా."

"ఎన్నింట్ల?"

"నాలుగింట్ల."

నాయన ఆకాశం వంక చూశాడు. "ట్రాక్టర్ చక్రం నా ఛాతీ దాక ఉంటది. గీ చక్రం మోకాలు దాటది. గింత చిన్న కాళ్ళకు గంత బరువు కడితే దిగవడక ఎగురుతదారా?"

చక్రాలను నా చేత అటూ ఇటూ తిప్పించి, వాల్వు అందేలా చేసుకుని, నాయనే ఒక్కొక్క పిన్నూ వదులు చేశాడు. లోపలి గాలి తోస్తుంటే నీళ్ళు చివ్వున చిమ్మాయి.

"అగో అవ్వా," రాజవ్వ నోటి మీద కొంగు పెట్టుకుంది, "పాపం భయానికి పోసుకుంటున్నది!"

నాయన ఆ ధారను తదేకంగా చూశాడు. "కాల్వ చివర పొలమని ఇన్నేండ్ల సంది నీళ్ళకు కొట్లాడుతున్న. నా ఇంట్లనే నిజాంసాగర్ ఉన్నదని ఎరుకలేకపాయె."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కడగడానికి నీళ్ళు కూడా వెంట తెచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సగం నీళ్ళు పోయాయి, గాలీ తగ్గింది. మెత్తబడ్డ టైర్లు రొట్టెల్లా పరుచుకున్నాయి. చక్రాల కింద వరిగడ్డి వేశాం. "మెల్లగ పోనియ్, ఎగిరిపడకు," అన్నాడు నాయన. ఆడవాళ్ళు వెనకనుంచి ఒక తోపు తోశారు. జీపు ఒకసారి మూలిగి, కదిలి, పైకి వచ్చి, నారు కట్టలతో సహా మడి దాకా పోయి నిలబడింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి టైరువి కావు.

కానీ షరతు షరతే. కట్టలన్నీ దించాక నాయన దగ్గరికి పోయి తలదించుకుని అన్నాను. "దిగవడ్డది గద నాయినా. రేపు అమ్ముతా."

నాయన నారు కట్ట ఒకటి విప్పుతూ అన్నాడు. "దిగవడ్డది జీపు గాదు, నీ తెలివి. దాన్ని అమ్ముదామంటే కొనేటోడు ఎవడున్నడురా?"

ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. నా బండి నాకు మిగిలింది.

మర్నాడు మిగతా నీళ్ళు తీయించడానికి ఖలీల్ భాయ్ దగ్గరికి మెల్లగా పోతే నాయన కూడా వెంట వచ్చాడు, ఆ జీపులో మొదటిసారి కూర్చుని. ఖలీల్ టైరు విప్పి, కారుతున్న నీళ్ళు చూసి, నా ముఖం చూశాడు. "గిన్ని నీళ్ళు పోసినవ్, నాలుగు చాపపిల్లలు గూడ ఇడిస్తే అయిపోతుండె గద భాయ్!"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అప్పుడు నాయన అందుకున్నాడు. "నవ్వకుండ్రి. ట్రాక్టర్‌కు రెండింట్ల ఎవడన్నా పోస్తడు. నాలుగింట్ల పోసుడు మా మహేశ్ గానితోనే అయింది. పోసినా నారు మడి దాక తెచ్చిండు, అది జూడుండ్రి." ఆ మాటలో ఎగతాళి ఎంతో, గర్వం ఎంతో నేను కొలవలేదు. ఆయన చెయ్యి మాత్రం నా భుజం మీదే ఉంది. నా జన్మలో నేను అంతగా పొంగిపోయింది లేదు.

ఆ టైర్లు ఖలీల్ చెప్పినట్టే తొందరగా అరిగాయి. తరువాత నడిమివే వేయించాను. ఏడు రోజులు రోడ్డు మీద చప్పుడు చేయకుండా పోతాయి, వానాకాలంలో మడి దాకా పోతాయి. నడిమివాణ్ణి నడిమి టైర్లే మోస్తున్నాయి, హాయిగా.

చివరగా, కాలువ సాక్షిగా, రాజవ్వ నవ్వు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ కట్టె కాలేదాకా నీళ్ళు పొలానికే, గాలి టైరుకే, ఒకదాని సొత్తు ఇంకొకదానికి ఇవ్వను. ఇప్పటిదాకా మాట తప్పలేదు. ఏం లాభం? కాలువ నీళ్ళు నాలుగు రోజులు ఆలస్యమైతే చాలు, ఊరివాళ్ళు పైనున్న మబ్బు వంక చూడరు. మా వాకిట్లోకి వచ్చి, జీపు టైర్ల వంక చూసి, "ఈసారి మాకేమన్నా ఇడుస్తవా అన్నా?" అని అడుగుతారు.