రాహుకాలంలో పదకొండు ఫ్యాక్సులు

ఆ రోజుల్లో, లోకంలో జరిగే ప్రతి తప్పుకూ కారణం జాబితా సరిగ్గా రాసుకోకపోవడమేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. కాబట్టి ముందు జాబితా. ముత్తుకూరులో ఓడల ఏజెంటు ఆఫీసు, శుక్రవారం, ఉదయం తొమ్మిదిన్నర. మనుషులు ముగ్గురు: మేము చాటుగా పంచాంగం సారని పిలుచుకునే మేనేజరు, టైపిస్టు అక్క, నేను. వస్తువులు: ఒక స్కానరు, ఒక కంప్యూటరు, దానికి తగిలించిన ఫ్యాక్సు మోడెం, దానికొక ఫోను లైను, రాహుకాలాల చుట్టూ ఎర్ర సిరాతో గీతలు గీసిన గోడ క్యాలెండరు, రేవు నుంచి గాలికి వచ్చి కీబోర్డు మీటల సందుల్లో చేరిన బొగ్గు పొడి. (సెల్లులొచ్చాక కూడా ఫ్యాక్సేమిటని అడగకండి. నేనూ అడిగాను. సంతకం పెట్టిన కాగితం ఫ్యాక్సులో వస్తేనే అది కాగితమని మా హెడ్డాఫీసు నమ్మకం.)

నేను ఇంజనీరింగు పూర్తి చేసి అక్కడ చేరి నాలుగు నెలలైంది. పంపాల్సిన ఫ్యాక్సులన్నీ ముందు కంప్యూటరులో వరుసగా నిలబడతాయి. అవతల లైను దొరికినప్పుడు ఒక్కొక్కటే పోతాయి. వరుసలో ఉన్నవాటి తలరాతను నల్ల తెర మీద ఒక్క కమాండు కొట్టి మార్చవచ్చు: ఏ వేళకు పోవాలి, ఎవరికంటే ముందు పోవాలి, ఎన్నిసార్లు ప్రయత్నించాలి, ఎంతకూ పోకపోతే ఎప్పుడు తొలగించాలి. ఈ విద్య నెల్లూరు జిల్లాలో నాకు తప్ప ఇంకెవరికీ రాదని నా అంచనా (విచారించలేదు). దానికి ఆఫీసులో దొరికిన ఒకే ఒక్క ఉపయోగం రాహుకాలం. ఆ గంటన్నరలో పంచాంగం సారు ఆఫీసు నుంచి ఒక్క కాగితాన్ని కదలనిచ్చేవారు కాదు. నేను రాకముందు మోడెం తీగ పీకి జేబులో వేసుకుని కూర్చునేవారట. నేను వచ్చాక పద్ధతి మారింది. రాహుకాలానికి ఐదు నిమిషాల ముందు నేనొక కమాండు కొడతాను. వరుసలో ఉన్నవన్నీ రాహుకాలం దాటిన ఒక నిమిషానికి వాయిదా పడతాయి. "సదువంటే ఇదబ్బయా!" అని ఆయన మొదటిసారి మెచ్చుకున్నప్పుడు నేను సిగ్గుపడ్డాను. రెండోసారి నుంచి పడలేదు.

ఆ శుక్రవారం వరుసలో ఉన్న పదకొండు ఫ్యాక్సుల్లో ఒకటి అక్కది. నాయుడుపేట బ్రాంచిలో టైపిస్టు పోస్టు ఖాళీ అయింది. అక్క భర్త, నాలుగేళ్ళ కూతురు ఉండేది నాయుడుపేటలోనే. అక్క మాత్రం ముత్తుకూరులో గది అద్దెకు తీసుకుని, శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేది. "మా పాప నన్ను ఆదివారం అమ్మ అంటా ఉండాది తమ్ముడూ" అని ఒకసారి నవ్వుతూ చెప్పి, మళ్ళీ టైపులో పడింది. బదిలీ కోరేవాళ్ళ దరఖాస్తు, మేనేజరు సంతకంతో, ఆ రోజు ఒంటిగంటలోపు హెడ్డాఫీసుకు చేరాలి. చేరకపోతే ఆ పోస్టులోకి బయటివాళ్ళను తీసుకుంటారు.

తొమ్మిదిన్నరకూ తొమ్మిదీ యాభైకీ మధ్య పదకొండు కాగితాలూ వరుసలో పెట్టాను. అన్నీ హెడ్డాఫీసుకే. అన్ని బ్రాంచిలూ వారం లెక్కలు పంపే రోజు కావడంతో అవతల లైను ఎంతకీ దొరకలేదు. పదీ ఇరవై ఐదుకు సారు కుర్చీలోంచి లేచారు.

"ఆపబ్బయా. ఇంక ఐదు నిమిషాలే ఉండాది."

"నాది ఒక్కటన్నా పోనీకూడదా సార్?" అంది అక్క.

"నీది కాబట్టే ఆపమంటా ఉండేది. రాహుకాలంలో పోయిన కాగితంతో బదిలీ వచ్చినా అచ్చిరాదు. పన్నెండు దాటితే ఇంకా గంట టైముండాది కదమ్మా."

నేను కమాండు కొట్టాను. పదకొండు ఫ్యాక్సులూ పన్నెండు గంటల ఒక నిమిషానికి వాయిదా పడ్డాయి. సారు నా భుజం మీదుగా తెరలోకి తొంగి చూశారు.

"అబ్బయా, వీటికి ఆయువు కూడా ఉంటాదన్నావే. అదెంత?"

"రెండు గంటలు సార్. రాహుకాలం గంటన్నరే. అరగంట మిగులు."

"రెండు గంటలంటే ఎప్పుట్నుంచి? పుట్టినప్పుట్నుంచా, నువ్వు కదిపినప్పుట్నుంచా?"

ఇది చాలా మంచి ప్రశ్న. నాలుగేళ్ళ చదువులో నన్నెవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. నేను నవ్వి, ఇవి మనుషుల జాతకాలు కావని, కంప్యూటరు అన్నీ చూసుకుంటుందని ఆయనకు ఐదు నిమిషాల పాటు వివరించాను. సారు శ్రద్ధగా విని వెళ్ళి కూర్చున్నారు.

పన్నెండూ పదికి తెర చూస్తే వరుస ఖాళీగా ఉంది. (పోకపోతే కబురు చెప్పే ఏర్పాటు కూడా కంప్యూటరులో ఉంది. మాటిమాటికీ విసిగిస్తోందని చేరిన వారంలోనే దాని నోరు మూయించాను.) "పదకొండూ పోయినాయక్కా!" అని ప్రకటించాను. అక్క సంతోషంగా టిఫిను డబ్బా తెరిచి, రెండు పెద్ద చేప ముక్కలు నా అన్నంలో వేసింది. మొదటిది తిన్నాను. రెండోది తింటుండగా, దేనికైనా మంచిదని ఆమె సెల్లులో హెడ్డాఫీసుకు ఫోను చేసింది.

"రాలేదంట తమ్ముడూ."

"వచ్చుంటాదక్కా, సరిగ్గా చూడమను."

"రెండుసార్లు చూసినారంట. మన ఆఫీసు నుంచి పొద్దున్నుంచి ఒక్క కాగితం కూడా రాలేదంట."

ఎడమ చేత్తో పాత నమోదులు తెరిచాను. పదకొండూ అక్కడున్నాయి. ఆయువు లెక్క పుట్టినప్పటి నుంచే. పదకొండున్నరకు మొదటిది, పదకొండూ యాభైకి చివరిది, రాహుకాలం ముగియకముందే వరుసగా కన్నుమూశాయి. బతికున్నవాటిని మార్చడానికి కమాండు ఉంది కానీ చచ్చినవాటిని మార్చడానికి లేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు అక్క ముఖంలోకి చూడలేకపోయాను. ఆమె తిట్టలేదు. డబ్బా మూత పెట్టి, "ఇప్పుడు పంపించు తమ్ముడూ" అంది, అంతే.

చెయ్యి కడుక్కుని ఆమె కాగితాన్ని మళ్ళీ వరుసలో పెట్టాను. అన్నిటికంటే ముందు పోవాలని, యాభైసార్లైనా ప్రయత్నించాలని, ఆయువు సాయంత్రం దాకా ఉండాలని మూడూ మార్చాను. అప్పటికి పన్నెండూ ముప్పై ఆరు. మోడెం కూత పెట్టింది. లైను బిజీ. మళ్ళీ కూత. మళ్ళీ బిజీ. పన్నెండూ నలభైకి సారు క్యాలెండరు ముందు నిలబడ్డారు. శుక్రవారం మధ్యాహ్నం ఆ వేళకు దుర్ముహూర్తం మొదలవుతుంది. అది ఒంటిగంట దాటాక గాని పోదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. నా వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. అక్క సారునే చూస్తోంది.

సారు క్యాలెండరును చూశారు, అక్కను చూశారు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, మా ఇద్దరికీ వీపు పెట్టి నిలబడ్డారు.

"నేను బొగ్గు లారీలు లెక్కబెడతా ఉండా. నా యెనకాల యాడ ఏం జరిగినా నాకు తెలవదు."

ఆయన తొమ్మిదో లారీ దగ్గరుండగా లైను దొరికింది. కాగితం పోయింది. అక్క ఫోను చేసి, వచ్చిందని రెండుసార్లు చెప్పించుకుని, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పోయింది సార్, పన్నెండూ యాభై..."

"టైము చెప్పబాకబ్బయా!"

రెండు వారాలకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. వెళ్ళేరోజు అక్క తన బల్ల సొరుగు తాళం నా చేతిలో పెట్టి, "ఇంకమీదట పెద్దాయన ఏదన్నా అడిగితే నవ్వబాక తమ్ముడూ" అంది. ఇప్పుడు ఇంతకంటే పెద్ద యంత్రాల దగ్గర పని చేస్తున్నాను, ఇంతకంటే పెద్ద తప్పులు చేస్తున్నాను. తెర ఖాళీగా కనిపిస్తే మాత్రం సంతోషించే ముందు ఎవరికో ఒకరికి ఫోను చేస్తాను. ఆ కుర్రవాణ్ణి, ఒక చేతికి చేపల పులుసుతో, అన్నీ తెలుసన్న ముఖంతో కూర్చున్నవాణ్ణి తలుచుకుంటే, కోపం రావాల్సిన చోట ఎందుకో ముద్దొస్తుంది. అక్క ఖాళీ చేసిన పోస్టులోకి ముత్తుకూరుకు రావడానికి మాత్రం ఏ బ్రాంచి నుంచీ ఒక్క దరఖాస్తు కూడా రాలేదు, బయటివాళ్ళను తీసుకోవడానికి హెడ్డాఫీసుకు తీరలేదు. ఆఫీసులో మీటలు కొట్టడం వచ్చిన మనిషిని ఇక నేనొక్కణ్ణే. పద్నాలుగు నెలలు టైపు చేశాను.