పట్టాభిగారు మళ్ళీ పడ్డారు

పట్టాభిరామయ్యగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు, పడిపోవడం. కళ్ళు తిరిగి కాదు, కాలు జారీ కాదు. నిక్షేపంలా ఉన్న మనిషి ఉన్నట్టుండి ఢమాల్మని వెల్లకిలా పడతారు. కౌబాయ్ టోపీ ఓ మూలకి, కళ్ళజోడు ఓ మూలకి. లేచి చొక్కా దులుపుకుని, "ఆఁ, ఎక్కడున్నాం?" అంటారు.

న్యూజీలాండ్‌లో, శాండ్రింగ్‌హామ్ పేటలో అంజయ్య కిరాణా కొట్లో బిల్లులు కొట్టే నాగమణి, ఆ పడటం మొదటిసారి చూసి గుండె పట్టుకుంది. అంతకు క్షణం ముందే ఆమె చేతిలోంచి ఆవకాయ సీసా జారి భళ్ళున పగిలింది. అంజయ్య తిట్టడానికి నోరు తెరిచాడు. అంతే! సోనామసూరి బస్తాల మీద ఓ పెద్దాయన కాళ్ళు పైకీ, తల కిందికీ.

"అయ్యబాబోయ్! అంబులెన్స్ పిలవండి!"

"వద్దమ్మా, ఆయనకి మామూలే" అన్నారు ఆయన భార్య శకుంతలగారు, చింతపండు ప్యాకెట్ల మీద తేదీలు చూసుకుంటూ. "టీవీలో కూడా ఇలాగే పడేవారు."

"టీవీలోనా!"

ఆవిడ ఫోన్ తీసి చూపించారు. డెబ్బైల నాటి న్యూజీలాండ్ టీవీ, నలుపూ తెలుపూ బొమ్మ. గిటారు, పూల చొక్కా, పెద్ద టోపీ, దాని కింద అచ్చమైన తెనాలి మీసం! పాడి పరిశ్రమ చదవడానికి స్కాలర్‌షిప్ మీద వచ్చిన కుర్రాడు గుర్రాల గురించీ విరహం గురించీ ఇంగ్లీషులో దంచేస్తున్నాడు. కంట్రీ మ్యూజిక్ అట! పక్కన పాడుతున్న అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. కుర్రాడు స్టూలుతో సహా ఢమాల్! జనం గొల్లుమన్నారు.

నాగమణి ఫోన్ మీదికి వంగింది.

"ప్రతి ప్రోగ్రాంలోనూ ఇంతేనా ఆంటీ?"

"ఇంతే. ఆఖరికి పాట ఏదైనా ఫరవాలేదు, పడితే చాలు అనేవాళ్ళు టీవీవాళ్ళు."

ఉగాదికి ఊళ్ళో తెలుగువాళ్ళు మౌంట్ రాస్కిల్ హాల్లో నాగమణి పాట పెట్టారు. పెళ్ళైన కొత్తలో ఓ పేరంటంలో ఆమె మధ్యలో పాట మర్చిపోయింది. ఆ నవ్వులు ఇంకా చెవుల్లోంచి పోలేదు. ఆ తర్వాత వంటింట్లో తప్ప గొంతు విప్పింది లేదు.

"ఈసారీ ఆగిపోయానంటే ఇంక జన్మలో పాడనండీ" అంది భర్త గిరిధర్‌తో.

తీరా చూస్తే గిటారు వాయించేది ఎవరు? పట్టాభిరామయ్యగారు! నాగమణి పరుగున ఆయన దగ్గరికెళ్ళింది.

"అంకుల్, మీకు దణ్ణం పెడతాను. ఇవాళ్టికి పడకండి."

"నువ్వు పాడుతున్నంతసేపూ పడనమ్మా. సరేనా?"

పల్లవి బ్రహ్మాండం. మొదటి చరణం చప్పట్లు. రెండో చరణం... ఖాళీ! మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ముందు వరసలో గిరిధర్ మొహం పాలిపోయింది. ఎవరో ముసిముసిగా నవ్వారు కూడా.

ఢమాల్!

హాలు హాలంతా ఆయనవైపు తిరిగింది. నాగమణికి ఒళ్ళు మండిపోయింది. లేపడానికి వంగి పళ్ళు నూరింది.

"పడనని మాటిచ్చారు కదా!"

"నువ్వు పాడట్లేదు కదా" అని గుసగుసలాడారు నేల మీంచి. "రెండో చరణం 'వెన్నెల'తో మొదలు. నన్ను మెల్లిగా లేపు. తొందరేం లేదు."

నాగమణికి టీవీలో ఆగిపోయిన ఆ అమ్మాయి కళ్ళ ముందు కదిలింది.

"మరి... దెబ్బలు తగలవా అంకుల్?"

"అప్పట్లోనే జూడో నేర్చుకున్నాలే. చెయ్యివ్వు, అందరూ చూస్తున్నారు."

వెన్నెల దొరికింది. దాని వెనకాలే చరణమంతా దొర్లుకుంటూ వచ్చేసింది. గిరిధర్ ఈలవేశాడు! మూడో చరణం ముందు నాగమణి ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆగింది.

పక్కన కుర్చీ కిర్రుమంది. ఓరకంట చూస్తే, పెద్దాయన మెల్లిగా కుర్చీ అంచుకి జరుగుతున్నారు.

"అంకుల్, గుర్తుంది! గుర్తుంది! కదలకండి!" అని మైకులోనే కేకేసి, ఇంక ఊపిరి మాట తలపెట్టకుండా పాట పూర్తి చేసేసింది.