గీత గీసిన గుడ్లు

చెరువు తెగితే ఘోరం అంటారు. గడ్డివాము అంటుకుంటే ఘోరం అంటారు. నేను చెప్పబోయే ఘోరంలో నీళ్లూ లేవు, నిప్పూ లేదు, ఒక బొగ్గుముక్క ఉంది, అంతే. ఆ బొగ్గుముక్కతో నేను చేసిన పనికి నల్లగొండ అంగట్లో ఒక సర్కారు అధికారికి నోట మాట పడిపోయింది. మా అత్త నెత్తిన చేతులు పెట్టుకుంది. నేనైతే భూమి ఎప్పుడు చీలుతుందా అని కాళ్ల కిందికి చూసుకున్నాను. అది చీలలేదు. అవసరానికి భూమి కూడా అక్కరకు రాదు.

అప్పటికి నాకు పెళ్లయి నెల తిరగలేదు. మా పుట్టిల్లు నారాయణపేట, మా నాయిన మగ్గం మనిషి. కోడి ఇంట్లోకొస్తే పడుగు మీద నడిచి నూలంతా పాడుచేస్తుందని దాన్ని గడప దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. అందుకని కోళ్ల గురించి నాకు తెలిసిందంతా కూర వరకే. అత్తగారి ఊరు పానగల్. మా ఆయన మగ్గం మానేసి నల్లగొండలో బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. మగ్గం ఖాళీ చేసిన జాగాలోకి మా అత్త కోళ్లను తెచ్చింది. ఇంట్లో పెట్టిన గుడ్లు, ఇరుగుపొరుగు దగ్గర కొన్న గుడ్లు గంపకెత్తుకుని ప్రతి వారం నల్లగొండ అంగడికి పోయేది. అక్కడ వేపచెట్టు నీడన ఆమెకు కూర్చునే జాగా ఉంది. ఆ నీడ కోసం ఆమె ఎందరితో తగువు పడి గెలిచిందో ఆమె నోట వినాల్సిందే.

ఆ రోజుల్లోనే గుడ్ల మీద సర్కారు కన్ను పడింది. మురిగిన గుడ్లు తిని ఎవరో దవాఖాన పాలయ్యారట. డప్పు కొట్టించారు, అంగడి గోడకు నోటీసు అంటించారు. మురిగిన గుడ్డు అమ్మితే మొదటిసారి జుర్మానా, అదే తప్పు మళ్లీ చేస్తే అంగట్లో జాగా రద్దు. మా అత్తకు ఆ మొదటిసారి అప్పటికే అయిపోయింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆమె గంపలోంచి తీసి పగలగొట్టిన గుడ్డు వాసనకు పక్క వరుసలో ఉల్లిగడ్డలు అమ్మేవాళ్లు కూడా లేచిపోయారట.

"ఇంకొక్కటి మురిగిందా, నా జాగా పోయినట్టే," అంది అత్త అన్నం ముందు కూర్చుని. ముద్ద నోటికి పోవడం లేదు.

నాలో చదువు పొంగింది. ఏడో తరగతి చదివినదాన్ని మరి.

"ఫికర్ పడకు అత్తా. నీళ్లల్ల ఏస్తే తెలుస్తది. మునిగితే మంచిది, తేలితే మురిగింది. మా పుస్తకంల ఉండె."

"గది నాకెరుకనే బిడ్డా. గంపెడు గుడ్లు ఒక్కొక్కటి ముంచుకుంట కూసుంటే నాకు పొద్దు యాడిది?"

"నాకున్నది గద. నేను చూస్త."

నా కోడీ కుంపటీ లేకపోతే ఎట్లా తెల్లారుతుందని వెనకటికొక ముసలమ్మ అనుకుందట. నేను లేకపోతే నల్లగొండ అంగడి ఎట్లా నడుస్తుందని నేననుకున్నాను. అంగడికి ముందురోజు అత్త పొరుగిళ్లకు పోగానే, అమ్మకానికి పోగుచేసిన గుడ్లు ముందేసుకుని బకెట్టెడు నీళ్లు పెట్టుకుని కూర్చున్నాను. తేలినవి పారేశాను, మునిగినవి తుడిచి పక్కన పెట్టాను. అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. చూసినవీ చూడనివీ కలిసిపోతే ఎట్లా అని ఒక అనుమానం వచ్చింది. పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి, ప్రతి మంచి గుడ్డు మీదా ఒక గీత గీశాను. అన్నిటినీ చాటలో పేర్చి అరుగు మీద పెట్టి, బిందె తీసుకుని నీళ్లకు పోయాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అప్పుడు నాకెవరూ చెప్పని సంగతి. మా వైపు కోడిని పొదగేసేటప్పుడు దాని కింద పెట్టే గుడ్ల మీద బొగ్గుతో గీత గీస్తారు. ఎందుకంటే వేరే కోళ్లు అదే గంపలో దూరి గుడ్లు పెట్టిపోతాయి. గీత ఉన్నవి పిల్లలయ్యేవి, గీత లేనివి తీసి అమ్ముకునేవి. కోళ్లున్న ఇంట్లో ఈ సంగతి పాకే పిల్లకు కూడా తెలుసు. మగ్గం ఇంటి పిల్లకు తెలియదు.

అత్త తిరిగొచ్చి అరుగు మీద గీతల గుడ్లు చూసింది. ఏమీ ఎరగని కోడలు పొదిగే గుడ్లను కోడి కింది నుంచి తీసి బయటపెట్టిందనుకుంది. చల్లారితే లోపలి పిల్లలు చచ్చిపోతాయని భయపడింది. చాటను ఉరుకులు పరుగుల మీద తీసుకుపోయి గుడ్లన్నీ మూల గంపలో పొదుగుతున్న కోడి కిందికి తోసింది. కోడి కింద ఉన్న గుడ్లు ఆమెకు కనబడలేదా అంటారేమో. పొదుగు మీదున్న కోడి ఎవరినీ చూడనివ్వదు, చేయి పెడితే పొడుస్తుంది. కొత్త కోడలిని ఏమైనా అంటే బాగుండదని నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఆమె మంచితనమే మమ్మల్ని ముంచింది.

తెల్లవారి చూస్తే చాట ఖాళీగా ఉంది.

"అత్తా, గీత గీసిన గుడ్లు యాడ ఉన్నయ్?"

అత్త వాకిలి ఊడుస్తోంది. "మూలకున్న గంపల పెట్టిన. జర పైలం బిడ్డా."

పైలంగానే, ఎంతో జాగ్రత్తగా తీశాను. కోడి మేతకు దిగి ఉంది. గంపనిండా గీతల గుడ్లే. నేను గీసినవాటికంటే చాలా ఎక్కువ కనిపించాయి. కష్టపడ్డ మనిషికి తన పని ఎక్కువగానే కనిపిస్తుందిలే అనుకున్నాను. చేతికి వెచ్చగా తగిలాయి. ఎంత తాజా గుడ్లో అనుకున్నాను. అత్త వాకిలి పని ముగించేలోపే అంగడి గంపలో ఊక పోసి పేర్చి, పైన గుడ్డ కప్పి, గంప అత్త నెత్తికెత్తి, ఆమె వెంట నేనూ బయల్దేరాను. ఇన్‌స్పెక్టరుతో మాట్లాడటానికి చదువుకున్న మనిషి ఉండాలి కదా.

వేపచెట్టు కింద గంప దించామో లేదో ఆయన వచ్చేశాడు.

"ఏమ్మా, ఇయ్యాల గుడ్లు ఎట్లున్నయ్?"

అత్త నోరు విప్పేలోపే నేను ముందుకొచ్చాను. "మావి పరీక్ష చేసిన గుడ్లు సార్. ప్రతి గుడ్డు మీద గీత ఉంటది. గీత ఉన్నది ఒక్కటి ఖరాబైనా మా జాగా మీరే తీస్కోండ్రి."

"గీతేంది?" అంది అత్త.

నేను గంప మీది గుడ్డ తీసేశాను. అత్త లోపలికి చూసింది.

"పిల్లా, గివి యాడియి?"

"మూలకున్న గంపలియే. నువ్వే చెప్తివి గద."

ఇన్‌స్పెక్టరు ఒకటి తీసి తన వెంట తెచ్చుకున్న సాసర్‌లో పగలగొట్టాడు. పచ్చసొన గుండ్రంగా నిలబడింది. నేను అంగడంతా ఒకసారి కలియజూశాను. అత్త నా కొంగు పట్టి లాగుతూ, "ఇయ్యాల అమ్మం సారూ, ఇంటికి పోతం," అంది. అమ్మనంటే సర్కారుకు అనుమానం రాకుండా ఉంటుందా? ఆయన అడుగు నుంచి ఇంకొకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. మురిగినదైతే లోపల గలగలమంటుంది. ఇది గలగలమనలేదు.

"కియ్," అంది.

ఇన్‌స్పెక్టరు చేయి చెవి దగ్గరే ఆగిపోయింది. నా వైపు తిరిగి, "ఏమన్నది?" అని అడిగాడు. నా మీద ఒట్టు, గుడ్డు ఏమన్నదని నన్నే అడిగాడు. ఏడో తరగతిలో దీనికి జవాబు నేర్పలేదు. ఈలోగా పెంకు చిట్లి, చిన్న ముక్కు, దాని వెనక తడి తల, సర్కారు వారి అరచేతిలోకి వచ్చాయి. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు అంటారు. ఆరోజు పిల్లే గుడ్డులోంచి వచ్చి నన్ను వెక్కిరించింది. గంపలోంచి ఇంకో కియ్, దాని కింద నుంచి ఇంకో కియ్.

"దినాలు నిండినట్టున్నయ్," అంది పక్కన కూర్చునే బాలమ్మ, పురిటింటికి వచ్చినంత తీరుబడిగా.

"నా పొదుగు గుడ్లు," అని అత్త నెత్తిన చేతులు పెట్టుకుంది. అప్పుడు నాకు బొగ్గు గీతల అర్థం తెలిసింది. ఆమె జాగాను నా నోటితో నేనే ఒప్పజెప్పేశాను.

"మురిగిన గుడ్డే ఇది," అన్నాడు ఇన్‌స్పెక్టరు చివరికి.

"మురిగిన దాంట్లకెళ్లి పానం ఎట్లొస్తది సారూ? కావాలంటే వాసన చూడండ్రి," అంది బాలమ్మ.

ఆయన చూశాడు. అది ఆయన మీసం మీద పొడిచింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం సర్కారు వాళ్ల పని అంటారు. పాపం, ఆయన చేతికి నిజంగానే ఈకలున్న గుడ్డు చిక్కింది, ఏం చేయాలో తెలియడం లేదు.

"గుడ్లని చెప్పి కోళ్లు అమ్ముతాండ్రు. ఇది మోసం. జుర్మానా కట్టాలె."

"కడ్త సారూ," అంది అత్త. "మరి నా జాగా?"

ఆయన గోడ మీది నోటీసు పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ కింది నుంచి పైకి చూశాడు.

"అదే తప్పు రెండోసారి చేస్తేనే జాగా పోతది. గీ తప్పు నా నౌకరిల ఎవ్వరు చెయ్యంగ చూడలే. మీకు ఇది మొదటిసారే."

కోడిపిల్లను అత్త కొంగులో వేసి, చేయి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. దారి పొడుగునా అత్త కొంగులో పిల్లలతోనే మాట్లాడింది. ఇల్లు చేరగానే ఆ కోడి నన్ను వాకిలంతా తరిమింది. అత్త అడ్డు రాలేదు. అరుగు మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

అయిపోయిందనుకున్నాను. మరుసటి అంగడికి పోతే గోడ మీద నోటీసు కొత్తగా ఉంది. గుడ్లమ్మే ఆడవాళ్లంతా దాని ముందు గుమిగూడారు. చదివేవాళ్లు లేరు.

"సదువుకున్నదానివి, జర సదువు బిడ్డా," అంది బాలమ్మ.

చదివాను. "మురిగిన గుడ్లు, పగిలిన గుడ్లు" వరకు గొంతు బాగానే వచ్చింది. దాని కింద కొత్త సిరాతో ఒక వరుస చేర్చారు. "మరియు, అరిచే గుడ్లు అమ్మరాదు."

అంగడి అంగడంతా నా వైపు తిరిగింది. ఆ గోడ సాక్షిగా, ఆ నవ్వుల సాక్షిగా అప్పుడే ప్రతిజ్ఞ చేశాను, ఈ జన్మలో గుడ్డు మీద గీత గీయను, సర్కారుకు కొత్త నియమాలు రాసే శ్రమ పెట్టను. ఇప్పటికీ దుకాణంలో గుడ్డు కొంటే ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటాను. అది ఏమీ అనకపోతేనే ఇంటికి తెస్తాను.