కార్నేషన్లు నిద్రపోయిన ఉదయం

మా మనవరాలు ఒక బుట్ట ఆపిల్ పళ్లతో అంత్యక్రియలు ఆపేసింది. పోయిన పెద్దమనిషి పెట్టెలోంచి లేచి కూర్చుని, పూలు రాలేదా, అయితే తొందరేం లేదు అని మళ్లీ పడుకున్నాడు.

సరే, లేచి కూర్చోలేదు. అంత్యక్రియలు కూడా ఆగలేదు, కాస్త ఆలస్యమయ్యాయి, అంతే. కానీ బుట్ట నిజం, పళ్లు నిజం, ఆ ఉదయం ఒక మనిషి ఉద్యోగం ఊడినంత పని కావడం నిజం. మిగతా చోట్ల నా చెయ్యి కాస్త జారితే సర్దుకుపొండి. కాన్వెంటులో సిస్టర్లు స్కేలు విరిగేదాకా కొట్టినా పోని అలవాటది.

మనవరాలిని ఇంట్లో చీమ అంటాం. ఏ వస్తువు కంటపడినా ఎక్కడో ఒక మూలకి మోసుకెళ్లి భద్రంగా దాచడం దాని స్వభావం. నా కళ్లజోడు ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది. పాడవకుండా ఉంటుందని పెట్టిందట.

వాళ్ల స్కూల్లో పెద్ద తరగతి పిల్లలందరూ కొన్నాళ్లు ఏదో ఒక కొట్టులోనో ఆఫీసులోనో పని చేసి రావాలి. చివరి రోజు టీచరు వచ్చి, పిల్ల ఎలా చేసిందని యజమానిని అడిగి వెళ్తుంది. తోటి పిల్లలు బ్యాంకులూ కంప్యూటర్ కొట్లూ వెతుక్కుంటే చీమ పూలకొట్టు ఎంచుకుంది.

"పూలకొట్టులో ఏం నేర్చుకుంటావే? నీళ్లు పొయ్యడమా?" అంది వాళ్లమ్మ.

"నీళ్లు మార్చడం," అంది చీమ.

ఆ కొట్టు యజమానురాలి మెడలో ఎప్పుడూ తాడుకి కట్టిన కత్తెర వేలాడుతుంటుంది. అందుకని వీధి వీధంతా ఆవిడని కత్తెరమ్మ అంటుంది, ఆవిడ లేనప్పుడు. మొదటి రోజే ఆవిడ చీమకి మూడు ముక్కలు చెప్పింది. ఆకు నీళ్లలో మునగకూడదు. కాడ ఏటవాలుగా కొయ్యాలి. పూలు నిలవ ఉంచే కోల్డ్ రూమ్‌లో తినే వస్తువు పెట్టకూడదు. ఎందుకని అడిగితే కత్తెర ఒకసారి ఆడించి, "అందుకే" అంది. మూడోది శుభ్రత కోసమై ఉంటుందని చీమ తనకు తానే సమాధానం చెప్పుకుంది. లోపల కూర్చుని తినొద్దన్నారు కాబోలు అనుకుంది.

నిజంగా పని నేర్పింది వ్యాన్ నడిపే హారన్ బాబాయ్. మాట్లాడటం తక్కువ కనుక ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరది. నీళ్లు తొణక్కుండా బకెట్లు ఎలా ఎత్తాలో, గులాబీ ముళ్లు చెయ్యి కోసుకోకుండా ఎలా గీకాలో, కాడలు గుచ్చే పచ్చ స్పాంజిని నీళ్లలో వదిలి, నొక్కకుండా దానంతట అదే మునిగేదాకా ఎలా ఆగాలో ఆయనే చూపించాడు. రోజూ సాయంత్రం కోల్డ్ రూమ్ తలుపు వేసి కొట్టు కట్టెయ్యడం ఆయన బాధ్యతే.

ఒకసారి ఆ తలుపు సరిగ్గా పడలేదు. తెల్లారేసరికి గులాబీలన్నీ విచ్చి రాలిపోయాయి. ఇంకోసారి ఇలా జరిగితే వ్యాన్ తాళం ఇక్కడ పెట్టి వెళ్లిపొమ్మని కత్తెరమ్మ తేల్చి చెప్పింది. ఈ సంగతి కూడా ఆయనే చీమతో చెప్పాడు, బకెట్లు కడుగుతూ, ఎవరి గురించో చెప్తున్నట్టు.

"నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదమ్మా. ఈ వయసులో కొత్తగా ఎవరు పెట్టుకుంటారు?"

చివరి రోజు దగ్గర పడింది. శనివారాలు వచ్చి పని చెయ్యమని కత్తెరమ్మ అంటుందేమోనని చీమ లోలోపల ఆశపడుతోంది. గురువుగారి చేతిలో పళ్లు పెడితే మంచి మాట దానంతట అదే బయటికొస్తుందని ఇంట్లో ఒక పెద్దాయన సలహా ఇచ్చి, ఎర్రటి ఆపిల్స్ బుట్టెడు కొని, రిబ్బను కూడా కట్టించాడు. ఆ పెద్దాయన ఎవరన్నది మన కథకు అనవసరం. చీమ ముందు రోజు సాయంత్రమే బుట్ట పట్టుకెళ్లింది. పళ్లు తాజాగా ఉండాలి, ఎవరి కంటా పడకూడదు. కొట్టులో అలాంటి చోటు ఒక్కటే ఉంది. కోల్డ్ రూమ్‌లో, మూల షెల్ఫ్ కింద, బకెట్ల వెనక్కి తోసేసింది.

మర్నాడు పొద్దున్నే, బుట్ట అందుకుని కత్తెరమ్మ మొహం ఎలా పెడుతుందో చూద్దామని నేనూ వెళ్లి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్నాను.

ఆ రోజు ఒకటే పెద్ద పని. వీధి చివర రొట్టెల బట్టీ ఆయన పోయాడు. పెట్టె మీద పెట్టడానికి ఆయన భార్యకి తెల్ల కార్నేషన్లతో పెద్ద పూలచక్రం కావాలి. పూలు ముందు రోజే వచ్చి బకెట్లలో ఉన్నాయి. మధ్యాహ్నం లోపు చక్రం తయారు కావాలి.

కత్తెరమ్మ కోల్డ్ రూమ్‌లోకి వెళ్లి ఒక బకెట్ తెచ్చింది. బల్ల మీద పెట్టి చూసింది. ఇంకోటి తెచ్చింది. రేకులన్నీ లోపలికి ముడుచుకుని, పసిపిల్లలు గుప్పిళ్లు మూసుకున్నట్టున్నాయి. విచ్చని మొగ్గలు కావవి. విచ్చి, మళ్లీ మూసుకుపోయినవి.

"నిద్రపోయాయి," అంది.

అలా మూసుకున్న కార్నేషన్ మళ్లీ విచ్చదు. అది నాకు తరువాత తెలిసింది.

హారన్ బాబాయ్ అప్పుడే లోపలికి వచ్చాడు.

"రాత్రి తలుపు వేశావా?"

"వేశానమ్మా."

"పోయినసారీ వేశాననే అన్నావు."

"పోయినసారి మర్చిపోయి అన్నాను. ఈసారి వేసి అంటున్నాను."

"ఎవరు చూశారు?"

ఎవరు చూస్తారు. కత్తెరమ్మ చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి వ్యాన్ తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది.

"ఈ పని అయ్యాక మాట్లాడదాం," అంది. మాట్లాడటానికేమీ లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

చీమ మిగతా బకెట్లు తేవడానికి లోపలికి వెళ్లింది. ఎంతకీ రాలేదు. నేను స్టూలు మీంచి మెడ చాచాను. అది మూల షెల్ఫ్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. బయటికి బకెట్‌తో వచ్చింది గాని బుట్ట తేలేదు. తిన్నగా సింకు దగ్గర కాడలు కడుగుతున్న బాబాయ్ పక్కకి వెళ్లి నిలబడింది.

"బాబాయ్, కోల్డ్ రూమ్‌లో పళ్లు పెడితే ఏమవుతుంది?"

"పండు పండేటప్పుడు ఒక గాలి వదుల్తుంది. మనకి వాసన కూడా రాదు. పూలకి అది తగిలితే ఒక్క రాత్రిలో ముసలివైపోతాయి. కార్నేషన్లయితే మరీను." ఆయన చేతిలో కాడలు ఆగాయి. "ఎందుకమ్మా?"

చీమ కోల్డ్ రూమ్ వైపు చూసింది. ఆయన దాని మొహం చూశాడు, కోల్డ్ రూమ్ తలుపు చూశాడు. తరువాత కాడలు కడగడం మళ్లీ మొదలుపెట్టాడు.

"నువ్వు ఆకులు దుయ్యి. ఇవాళ మీ టీచరు వస్తుందిగా," అన్నాడు మెల్లగా.

అంతే. తిట్టి ఉంటే చీమకి తేలిగ్గా ఉండేది.

అది నా దగ్గరికి వచ్చి, స్టూలు కింద ఏదో పడ్డట్టు వంగింది.

"తాతయ్యా, పళ్ల వల్లే."

"ఏ పళ్లు?"

"నువ్వు కొన్న పళ్లు."

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"అప్పటికి బాబాయ్ ఉండడు."

"టీచరు వచ్చి వెళ్లనీ. తరువాత చెప్దువుగాని. ఎటూ చెప్పడమేగా."

"ఆవిడ వెళ్లాక చెప్తే చెప్పినట్టా?"

జవాబు లేనప్పుడు దగ్గడం నాకు బాగా వచ్చు. దగ్గాను.

ఆ దగ్గు పూర్తి కాకుండానే టీచరు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పెన్ను, మొహాన తొందర. ఆవిడకి ఇంకా కంప్యూటర్ కొట్టుకి వెళ్లాలట. కత్తెరమ్మ చెయ్యి ఆపకుండానే మాట్లాడింది. ముడుచుకున్న పూలలో కాస్త నయంగా ఉన్నవి ఏరి, కాడలు కత్తిరించి పక్కన పెడుతోంది.

"పిల్ల పనిమంతురాలండి. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. శనివారాలు రమ్మందామనుకుంటున్నాను."

చీమ ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అది. చీమ వెనక్కి తిరిగింది. కోల్డ్ రూమ్‌లోకి వెళ్లింది. తలుపు రబ్బరు ఊడి వచ్చే చప్పుడు, మళ్లీ అతుక్కునే చప్పుడు. రిబ్బను కట్టిన బుట్ట తెచ్చి, బల్ల మీద పూల మధ్య పెట్టింది.

"ఇవి మీ కోసం తెచ్చాను. నిన్న సాయంత్రం నుంచి లోపలే ఉన్నాయి. నేనే పెట్టాను," అంది. "తలుపు సంగతి నాకు తెలీదు. పళ్ల సంగతి తెలుసు."

తెరుచుకున్న కత్తెర తెరుచుకున్నట్టే ఉండిపోయింది. టీచరు ఏమీ అర్థం కాక నన్ను చూసింది. నేను ఒక గులాబీని శ్రద్ధగా పరిశీలించాను.

"ఎక్కడ పెట్టావు?" అంది కత్తెరమ్మ.

"మూల షెల్ఫ్ కింద."

ఆవిడ లోపలికి వెళ్లింది. తలుపు దగ్గర బకెట్లలో పూలు కొన్ని ఇంకా విచ్చే ఉన్నాయి. మూలకి పోయినకొద్దీ మూసుకుపోయాయి. తలుపు తెరిచి ఉంటే ముందు పోవలసినవి తలుపు దగ్గరివే కదా. హారన్ బాబాయ్ తడిచేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి చూస్తున్నాడు.

ఆవిడ బయటికొచ్చి, ఏప్రన్ జేబులోంచి తాళం తీసి, ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"మార్కెట్‌కి వెళ్లు. తెల్లవి ఏవి దొరికితే అవి తీసుకురా. కార్నేషన్లే కావాలని కూర్చోకు." ఒక్క క్షణం ఆగి, "ఈ బుట్ట కూడా తీసుకుపో. ముందు సీట్లో పెట్టుకో, వెనక పూల దగ్గర కాదు," అంది.

క్షమాపణ అంటే ఆవిడ భాషలో అదే. ఆయన తాళం తీసుకుని, బుట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ చీమ తల మీద ఒక తడిచెయ్యి వేశాడు.

కత్తెరమ్మ టీచరు వైపు తిరిగింది. "ఇందాక నేనన్న మాట తీసెయ్యండి."

చీమ కళ్లు మూసుకుంది.

"చెప్పింది చెప్పినట్టు చేస్తుందన్నాను చూడండి, అది తీసెయ్యండి. చెయ్యదు. మిగతాది ఉంచండి."

చక్రం పూర్తయ్యేసరికి వేళ మించిపోయింది. తలుపు దగ్గర మిగిలిన కార్నేషన్లు, మార్కెట్ నుంచి వచ్చిన తెల్ల చామంతులు, ఎక్కువగా ఆకు. బట్టీ ఆయన భార్య వచ్చి, కత్తెరమ్మ సర్దిచెప్పబోతే వినకుండా చక్రం అంచు ఒకసారి తడిమి చూసింది.

"ఆలస్యానికి ఆయనేం అనుకోడులెండి. మా పెళ్లికే ఆయన వేళకి రాలేదు," అంది.

ఇదంతా రాసి, ఈ శనివారం పొద్దున్న చీమకి చదివి వినిపించాను. అది వింటూనే చెప్పులు వేసుకుంది, జుట్టు ముడి వేసుకుంది. నా బల్ల మీద గాజు గ్లాసులో రెండు కార్నేషన్లున్నాయి, పక్కనే అరటిపళ్ల పళ్లెం ఉంది. పళ్లెం తీసుకెళ్లి వంటింట్లో పెట్టి వచ్చి, గుమ్మం దగ్గర ఆగింది.

"ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు తాతయ్యా. నేనెప్పుడూ ఎక్కడా పళ్లు పెట్టలేదు, ఎవరి దగ్గరా ఏమీ ఒప్పుకోలేదు, అసలు ఆ కొట్టు ఎక్కడుందో కూడా నాకు తెలీదు."